మోడలింగ్ ఆంప్ కొనేముందు ఏం వినాలి, ఎలా వినాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నాలుగేళ్ళుగా గిటార్ వాయిస్తున్నాను. నాది సింగిల్ కాయిల్ పికప్‌ల గిటార్. ఇన్నాళ్ళూ ఒక చిన్న 10 వాట్ల ప్రాక్టీస్ ఆంప్‌తోనే నెట్టుకొచ్చాను. ఈమధ్య నలుగురం కలిసి బ్యాండ్ మొదలుపెట్టాం. డ్రమ్మర్ వాయించడం మొదలుపెట్టగానే నా గిటార్ నాకే వినపడటం లేదు. అందుకే డిజిటల్ మోడలింగ్ ఆంప్ (రకరకాల ఆంప్‌ల శబ్దాన్ని డిజిటల్‌గా అనుకరించేది) ఒకటి తీసుకుందామని నిర్ణయించుకున్నా. రాత్రిపూట ఇంట్లో నెమ్మదిగా వాయించుకోవాలి, నెలకు రెండుసార్లు రిహార్సల్‌కు మోసుకెళ్ళాలి, వీలైతే అప్పుడప్పుడూ రికార్డింగ్. అన్నిటికీ అదొక్కటే.

పోయిన వారం వెళ్ళి మూడు ఆంప్‌లు చూశాను. మొదటిదాంట్లో వందకు పైగా ప్రీసెట్లు (ముందే తయారుచేసి పెట్టిన సౌండ్‌లు) ఉన్నాయి, ఒకదాన్ని మించి ఒకటి. రెండోది మొదటిదాని ముందు చప్పగా అనిపించింది. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి నా చెవులు అలసిపోయాయి. గంటన్నర వాయించి, ఏదీ తేల్చుకోలేక తిరిగొచ్చేశాను. ఇంటికొచ్చాక ఏ ఆంప్ ఎలా వినిపించిందో గుర్తుచేసుకుందామంటే మూడూ కలగాపులగం అయిపోయాయి.

అసలు వీటిని ఎలా పరీక్షించాలి? ఎన్ని వాట్లు కావాలి? లేటెన్సీ అంటున్నారు, అంటే మీటాక శబ్దం వచ్చేదాకా పట్టే ఆలస్యం, అది నిజంగా వేళ్ళకు తెలుస్తుందా? ఫోన్ యాప్ మీద ఆధారపడే ఆంప్‌లను నమ్మొచ్చా? అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

జవాబు 1

మూడు ఆంప్‌లకూ మంచి డెమో వీడియోలు ఉంటాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పక్కపక్కన వినండి, తేడా తెలిసిపోతుంది. నేను అలాగే ఎంచుకున్నా. ఎన్ని ఆంప్ మోడళ్ళు, ఎన్ని ఎఫెక్ట్‌లు ఉన్నాయో కూడా చూసుకోండి. ఎక్కువ ఉంటే ముందుముందు పనికొస్తాయి.

జవాబు 2

పైన రాసిన మిత్రుడితో ఈ ఒక్క విషయంలో ఏకీభవించలేను. వీడియోలో మీరు వినేది ఆంప్‌ను కాదు. ఎవరో మంచి మైక్ పెట్టి, ఈక్యూ (బేస్, ట్రెబుల్ హెచ్చుతగ్గులు) సరిచేసి, బ్యాకింగ్ ట్రాక్‌తో కలిపి ఇచ్చినదాన్ని మీ హెడ్‌ఫోన్స్ ద్వారా వింటున్నారు. వాయించే చేయి కూడా మీది కాదు. ఆ ఆంప్‌లో ఏ బటన్ ఎక్కడుందో తెలుసుకోవడానికి వీడియో బాగా పనికొస్తుంది. గొంతు తెలుసుకోవడానికి పనికిరాదు.

ప్రశ్న అడిగిన తమ్ముడికి ముందు ఒక మాట. మూడు ఆంప్‌లు విని తేల్చుకోలేకపోవడం మీ చెవి లోపం కాదు. ప్రీసెట్లు మార్చుకుంటూ కూర్చుంటే ఎవరి పరిస్థితైనా అంతే. మొదటి పది సెకన్లలో మిమ్మల్ని పట్టుకోవడానికే వాటిని తయారుచేస్తారు. రివర్బ్ (గది మోగుడు), డిలే (ప్రతిధ్వని), కొంచెం కోరస్ లాంటి ఎఫెక్ట్‌లు దట్టించి, కిందా పైనా ఫ్రీక్వెన్సీలు పెంచి, మధ్యలో తగ్గించి పెడతారు. అన్ని నగల మధ్య మనిషి ముఖం ఎలా ఉందో చూడలేదు మీరు.

నా మొదటి మోడలింగ్ ఆంప్ అలాగే కొన్నా. తక్కువ వాల్యూమ్‌లో ఒక హెవీ ప్రీసెట్ విని మనసు పారేసుకున్నా. మూడు నెలలు రాత్రిళ్ళు గదిలో హాయిగా వాయించుకున్నా. తర్వాత మొదటి రిహార్సల్. డ్రమ్స్, బేస్ మొదలయ్యాయో లేదో, నా గిటార్ నీళ్ళలో ఉప్పు కరిగినట్టు మాయమైపోయింది. వాల్యూమ్ పెంచితే గుబగుబమనే మోత పెరిగింది గానీ నోట్లు బయటికి రాలేదు. కాసేపటికి బేస్ వాయించే అతను వాయించడం ఆపి, "నువ్వు నా చోట్లో ఉన్నావు" అన్నాడు. అతనన్న ఆ మాట మీదే నా పద్ధతంతా మార్చుకున్నా.

కారణం మన చెవిలో ఉంది. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు చెవి బేస్‌ను, బాగా పై ఫ్రీక్వెన్సీలను సరిగా పట్టుకోదు. శబ్దం పెరిగేకొద్దీ అవి ముందుకొస్తాయి. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అంటే గదిలో నెమ్మదిగా వింటూ "ఇంకొంచెం బేస్, ఇంకొంచెం ట్రెబుల్" అని పెంచుకున్న టోన్, బ్యాండ్ వాల్యూమ్‌కు వెళ్ళేసరికి కింద బురద, పైన గీకుడు అవుతుంది. గిటార్ బతికేది మధ్యలో. ఆ మధ్యనే మనం తీసేసి ఉంటాం.

అందుకని ఇప్పుడు ఏ ఆంప్ వినడానికి వెళ్ళినా మూడు వస్తువులు వెంట తీసుకెళ్తా. నా గిటార్, నా కేబుల్, వాయించింది రికార్డ్ చేసుకుని మళ్ళీ మళ్ళీ వినిపించే ఒక చిన్న లూపర్ పెడల్. మొదటి 20 నిమిషాలు ఒక్క ప్రీసెట్ కూడా ముట్టుకోను. రివర్బ్ ఆఫ్, డిలే ఆఫ్, నాయిస్ గేట్ (శబ్దం బాగా తగ్గగానే దాన్ని కోసేసేది) ఆఫ్. ఒక క్లీన్ మోడల్ పెట్టి, బేస్, మిడ్, ట్రెబుల్ మూడూ సగంలో ఉంచుతా.

అప్పుడు ఐదో స్ట్రింగ్ మూడో ఫ్రెట్ మీద ఒక్క సి నోట్ మీటి, వేలు కదపకుండా ఆగిపోతా. ఇది చిన్న పనిలాగే కనిపిస్తుంది గానీ నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పేది ఇదే. మీటిన క్షణం ప్రతి ఆంప్‌లోనూ బాగానే ఉంటుంది. నోట్ చచ్చిపోయే చోట వినాలి. ఏడెనిమిది సెకన్ల తర్వాత శబ్దం సన్నబడుతూ, సన్నబడుతూ, గది నిశ్శబ్దంలో ఎక్కడ కలిసిందో తెలియకుండా కలిసిపోవాలి. అదే నోట్‌ను కాస్త గెయిన్ (శబ్దాన్ని చిట్లించి గరుకు చేసేది) ఉన్న మోడల్‌లో మీటి మళ్ళీ వినండి. కొన్నిటిలో చివరి రెండు సెకన్లు ఇసుక రాలుతున్నట్టు గరగరమంటుంది. కొన్నిటిలో కత్తెర వేసినట్టు టక్కున ఆగిపోతుంది. అలా ఆగిందంటే ఎక్కడో గేట్ పనిచేస్తోందన్నమాట. దాన్ని ఆపే వీలుందేమో మెనూలో వెతకండి. వీలు లేకపోతే నేనైతే అక్కడితో ఆ ఆంప్ వదిలేస్తా. నెమ్మదైన పాటలో ఆఖరి కార్డ్ పట్టుకుని నిలబడ్డప్పుడు ఆ రెండు సెకన్లే జనం వినేది.

తర్వాత పరీక్ష గిటార్ వాల్యూమ్ నాబ్. గట్టిగా మీటితే చిట్లి, మెల్లగా మీటితే క్లీన్‌గా ఉండేంత గెయిన్ పెట్టండి. సింగిల్ కాయిల్ గిటార్‌కు ఇది ప్రాణం. ఇప్పుడు గిటార్ వాల్యూమ్ 10 నుంచి 6కు తగ్గించండి. వాక్యూమ్ ట్యూబ్‌లతో నడిచే ట్యూబ్ ఆంప్ అయితే పొగ తేలిపోయినట్టు డిస్టార్షన్ విడిపోయి లోపలి నోట్ బయటపడుతుంది. మంచి మోడలింగ్ కూడా దీన్ని చేస్తుంది. చేయలేనిదాంట్లో అదే గరుకు శబ్దం తక్కువ వాల్యూమ్‌లో వినిపిస్తుంది, అంతే. ఒక్క జాగ్రత్త. వాల్యూమ్ తగ్గించినప్పుడు కొంచెం ట్రెబుల్ పోవడం గిటార్ లోపలి వైరింగ్ వల్ల, కేబుల్ వల్ల జరుగుతుంది. ఆ నింద ఆంప్ మీద వేయకండి. మీ గిటార్, మీ కేబుల్ తీసుకెళ్ళమన్నది అందుకే, దాని గుణం మీకు ముందే తెలిసి ఉంటుంది.

హై గెయిన్ వాయించే అలవాటుంటే ఇంకొకటి. బ్రిడ్జ్ పికప్ పెట్టి, మొదటి స్ట్రింగ్ మీద 20వ ఫ్రెట్ దగ్గర నెమ్మదిగా బెండ్ చేయండి. నోట్ పైకి వెళ్తుంటే, దాని వెనకాల సన్నగా ఇంకో శబ్దం కిందికి జారుతోందా అని వినండి. సినిమాలో బండి చక్రం వేగం పుంజుకునేకొద్దీ వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది కదా, ఇదీ అలాంటిదే. 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్, అంటే శబ్దాన్ని సెకనుకు 48 వేల సార్లు కొలవడం, పట్టుకోగలిగేది 24 కిలోహెర్ట్జ్ దాకానే. డిస్టార్షన్ వల్ల పుట్టే పై హార్మోనిక్స్ ఆ గీత దాటితే మడతపడి కిందికి వస్తాయి. దీన్నే ఏలియాసింగ్ అంటారు. లోపల ఓవర్‌శాంప్లింగ్ (ఇంకా ఎక్కువసార్లు కొలిచి లెక్కకట్టడం) బాగా చేసిన ఆంప్‌లలో ఇది వినపడదు.

ఇక పోల్చడం. లూపర్‌ను గిటార్‌కీ ఆంప్‌కీ మధ్యలో పెట్టి, అర నిమిషం పాటు రిథమ్ కొంచెం, సింగిల్ నోట్స్ కొంచెం రికార్డ్ చేసుకోండి. అదే ముక్కను మూడు ఆంప్‌లకూ పంపండి. ఇప్పుడు చేయి మారలేదు, పిక్ మారలేదు, మారింది ఆంప్ ఒక్కటే. పోల్చేముందు మూడింటి వాల్యూమ్ తప్పకుండా సమానం చేయండి. పిసరంత ఎక్కువ వాల్యూమ్ ఉన్నా చెవి దాన్ని "వాల్యూమ్ ఎక్కువ" అని చెప్పదు, "ఇదే బాగుంది" అని చెప్తుంది. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ ఒకచోట కదలకుండా పెట్టి చూసుకుంటే చాలు. మీతో వచ్చిన స్నేహితుణ్ణి కేబుల్ మార్చమని, మీరు అటు తిరిగి నిలబడి వినండి. లూపర్ మీకు టోన్ చెప్తుంది గానీ వేళ్ళకు ఆంప్ ఎలా బదులిస్తుందో చెప్పదు, ఆఖర్న మళ్ళీ చేత్తో వాయించాల్సిందే.

వాట్ల గురించి రెండే మాటలు. 50 నుంచి 100కు వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. రెట్టింపు శబ్దంగా అనిపించాలంటే దాదాపు పది రెట్లు పవర్ కావాలి. పైగా ట్యూబ్ వాట్లనూ డిజిటల్ వాట్లనూ నేరుగా పోల్చకూడదు. ఫెండర్ వాళ్ళు 2019లో తెచ్చిన టోన్ మాస్టర్ డీలక్స్ రివర్బ్‌లో 100 వాట్ల డిజిటల్ పవర్ ఆంప్ పెట్టారు, 22 వాట్ల ట్యూబ్ ఆంప్‌లాగా ప్రవర్తించడానికి! డ్రమ్మర్ పక్కన వాయించాలంటే నా అనుభవంలో 50 వాట్లు, 12 అంగుళాల స్పీకర్ కనీసం. చిన్న 8 అంగుళాల స్పీకర్‌తో ఎన్ని వాట్లున్నా ఆ గుండె రాదు.

జవాబు 3

జవాబు 2లో చెప్పినవన్నీ నిజమే, ముఖ్యంగా వాల్యూమ్ సమానం చేయడం. కానీ అడిగినవారు రికార్డింగ్ అని కూడా అన్నారు, రాత్రిపూట ఇంట్లో అన్నారు. నెలకు రెండు రోజులు రిహార్సల్, మిగతా రోజులన్నీ హెడ్‌ఫోన్సే కదా! కాబట్టి స్పీకర్ విన్నంత శ్రద్ధగా హెడ్‌ఫోన్ అవుట్‌పుట్, లైన్ అవుట్ (మిక్సర్‌కు నేరుగా పంపేది), యూఎస్‌బీ కూడా వినాలంటాను నేను. స్పీకర్‌లో అద్భుతంగా ఉండి హెడ్‌ఫోన్స్‌లో తేనెతుట్టె కదిపినట్టు జుయ్‌మనే ఆంప్‌లు ఉన్నాయి.

ఎందుకలా అంటే, గిటార్ స్పీకర్ తనంతట తానే ఒక ఫిల్టర్. ఉదాహరణకు సెలెస్టియన్ వింటేజ్ 30 స్పీకర్ రేంజ్ 70 నుంచి 5000 హెర్ట్జ్ దాకానే అని కంపెనీవాళ్ళే రాస్తారు. పైన ఉన్న గరుకునంతా అది మింగేస్తుంది. హెడ్‌ఫోన్స్‌కు ఆ గుణం లేదు. అక్కడ క్యాబినెట్ సిమ్యులేషన్, అంటే గిటార్ స్పీకర్ పెట్టె శబ్దాన్ని అనుకరించేది, ఉండాలి. దాన్ని అవుట్‌పుట్‌లవారీగా ఆన్, ఆఫ్ చేసుకునే వీలుందా చూడండి. గిటార్ స్పీకర్ మీదికి క్యాబ్ సిమ్యులేషన్ కూడా వెళ్తే, ఒక స్పీకర్‌లోంచి ఇంకో స్పీకర్ వింటున్నట్టు దుప్పటి కప్పిన శబ్దం వస్తుంది. మాస్టర్ వాల్యూమ్ తిప్పితే లైన్ అవుట్ లెవెల్ కూడా మారుతుందా అనేది ఇంకో సంగతి. మారితే స్టేజి మీద సౌండ్ ఇంజినీర్‌కు నరకం.

లేటెన్సీ గురించి భయపడకండి. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది, అంటే ఒక మీటరుకు సుమారు 3 మిల్లీసెకన్లు. ఆంప్ నుంచి రెండు మీటర్ల దూరంలో నిలబడి వాయిస్తుంటే ఇప్పటికే 6 మిల్లీసెకన్ల ఆలస్యంతో బతుకుతున్నారన్నమాట. మంచి మోడలింగ్ ఆంప్ లోపల పుట్టే ఆలస్యం అంతకన్నా తక్కువే ఉంటుంది. కానీ దానికి వైర్‌లెస్ సిస్టమ్ కొంత, కంప్యూటర్ దారి ఇంకొంత కలిస్తే వేళ్ళకు తప్పకుండా తెలుస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, స్ట్రింగ్స్ మీద ఎడమచేయి ఆనించి చకచకా "చిక్ చిక్" అని మ్యూట్ రిథమ్ వాయించండి. పిక్ తగలడం, శబ్దం రావడం రెండుగా విడిపోతున్నాయా, ఒక్కటిగా ఉన్నాయా అన్నది అక్కడ తేలుతుంది. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో మాత్రం వాయించాలని చూడకండి, పాటలు వినడానికే అవి.

యూఎస్‌బీలో ఎఫెక్ట్ లేని డ్రై సిగ్నల్ కూడా విడిగా రికార్డ్ అవుతుందో లేదో అడగండి. వాయించింది బాగా వచ్చి టోన్ నచ్చకపోతే, తర్వాత టోన్ ఒక్కటే మార్చుకోవచ్చు. నాకు ఇది ఎన్నిసార్లు ప్రాణం కాపాడిందో.

జవాబు 4

యాప్ సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. ఆరేళ్ళుగా స్టేజి మీద వాయిస్తున్నదాన్ని.

నా పాత ఆంప్‌లో రివర్బ్ రకం మార్చాలన్నా, నాయిస్ గేట్ ఆపాలన్నా యాప్ తప్ప వేరే దారి లేదు. ఒకరోజు ఫోన్ అప్‌డేట్ అయ్యింది, యాప్ తెరుచుకోవడం మానేసింది. కొత్త వెర్షన్ వచ్చేదాకా ఐదు వారాలు, ముందు సేవ్ చేసుకున్న నాలుగు సౌండ్‌లతోనే ప్రోగ్రాములన్నీ చేశాను. ఆంప్ బాగానే ఉంది, దాని లోపలికి వెళ్ళే తలుపే మూసుకుపోయింది.

కాబట్టి ఫోన్ జేబులో పెట్టేసి, ఆంప్ ముందు నిలబడి మూడు పనులు చేయండి. గెయిన్ తగ్గించడం, ఆ మార్పును సేవ్ చేయడం, వేరే సౌండ్‌కు వెళ్ళి మళ్ళీ దీనికి రావడం. ఎవరినీ అడగకుండా, చీకట్లో కూడా చేయగలను అనిపించిందా? అయితే సరే. ఫుట్‌స్విచ్‌తో సౌండ్ మార్చినప్పుడు మధ్యలో ఖాళీ వస్తుందా అన్నది కూడా చూడండి. ఒక కార్డ్ మీటి, అది మోగుతుండగానే స్విచ్ నొక్కండి. కొన్నిటిలో శబ్దం తెగి మళ్ళీ మొదలవుతుంది. డిలే తోక కూడా మధ్యలో పోతుంది. పాటలో పల్లవి నుంచి సోలోకు వెళ్ళే చోట ఆ చిన్న గొయ్యి వినేవాళ్ళకు బాగా తెలుస్తుంది.

ఇంకోమాట, మోడళ్ళ లెక్క చూడొద్దు. నా ఇప్పటి ఆంప్‌లో ఎన్ని ఉన్నా నేను వాడేవి రెండు, ఒక క్లీన్, ఒక క్రంచ్. మిగతాదంతా నా కుడిచేయి చూసుకుంటుంది.

ప్రశ్న అడిగిన నేనే మళ్ళీ

అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న గిటార్, కేబుల్, అరువు తెచ్చుకున్న లూపర్ తీసుకుని మళ్ళీ వెళ్ళాను. మా డ్రమ్మర్‌ను కూడా వెంటబెట్టుకెళ్ళా.

మొదటిసారి నన్ను కట్టిపడేసిన ఆంప్‌లో ఎఫెక్ట్‌లన్నీ ఆపేసి సి నోట్ మీటితే, చివర్లో మీరన్నట్టే ఇసుక రాలింది. గిటార్ వాల్యూమ్ 6కు తెచ్చినా గరుకు పోలేదు. మూడోది పర్వాలేదు గానీ ఫోన్ లేకుండా సేవ్ చేయడం కుదరలేదు. చప్పగా ఉందని వదిలేసిన రెండోదాని దగ్గర వాల్యూమ్ నాబ్ తిప్పాను. ఆ తేడా విన్నప్పుడు ఒళ్ళు జలదరించింది. 10లో కసురుకుంటోంది, 6లో గంట కొట్టినట్టు ఉంది. నలభై నిమిషాలు అక్కడే కూర్చుండిపోయా. అటు తిరిగి విన్నప్పుడు నేనూ, డ్రమ్మరూ ఇద్దరం దాన్నే ఎంచుకున్నాం. హెడ్‌ఫోన్స్‌లోనూ పర్వాలేదు.

ఒక్క అనుమానం మిగిలింది. అక్కడ బ్యాండ్ వాల్యూమ్‌లో వాయించనివ్వలేదు. జవాబు 2 రాసిన అన్నకు రిహార్సల్‌లో జరిగినట్టు నాకూ జరిగితే?

జవాబు 2 రాసిన నేను

ఒక్కరోజుకు ఇవ్వమని అడగండి, లేదా తిరిగి తీసుకునే గడువు ఎన్నాళ్ళో కనుక్కుని, ఆ గడువులోపే రిహార్సల్ పడేలా చూసుకుని తీసుకోండి. ఇంట్లో నేర్చుకునేది ఇంట్లో, బ్యాండ్‌లో తేలేది బ్యాండ్‌లోనే.

రిహార్సల్‌కు విడిగా ఒక సౌండ్ సేవ్ చేసుకోండి. గదిలో వినేదానికంటే బేస్ తగ్గించి, మిడ్ పెంచి, గెయిన్ మీకు చాలనిపించేదానికన్నా కొంచెం తక్కువే పెట్టండి. రివర్బ్ దాదాపు వద్దు, ఆ గదికి ఉన్న మోగుడు చాలు. ఒంటరిగా వింటే ఆ టోన్ ముక్కుతో పాడుతున్నట్టు ఉంటుంది, కంగారుపడి మార్చేయకండి. అందరూ వాయించడం మొదలయ్యాకే చేయి పెట్టండి. ఆంప్‌ను నేల మీద పెట్టి మోకాళ్ళకు వినిపిస్తే లాభం లేదు, కుర్చీ మీదికి ఎక్కించండి లేదా వెనక్కి వాల్చండి. నేల ఇచ్చే అదనపు బేస్ కూడా కొంత తగ్గుతుంది. ఒక పాటలో మీరు వాయించడం ఆపి, బేస్ అతని ముఖం చూడండి. అతను హాయిగా వాయిస్తున్నాడంటే మీ టోన్ మీ చోట్లోనే ఉంది.

ప్రశ్న అడిగిన నేనే

ఇప్పుడే ఫోన్ చేశాను. వారం లోపల తిరిగి ఇవ్వొచ్చన్నారు. ఆదివారం రిహార్సల్ ఉంది, శనివారం తెచ్చుకుంటున్నా. బేస్ 4, మిడ్ 7, ట్రెబుల్ 5, గెయిన్ 3 అని కాగితం ముక్క మీద రాసి గిటార్ సంచిలో పెట్టాను. సోమవారం ఇక్కడే రాస్తా, ఎలా వినిపించిందో.